కెరటం దాటించినవాళ్ళు

భీమిలి గురించి ఎవరు రాసినా ముందు డచ్చివాళ్ళ సమాధుల గురించే రాస్తారు. సెలవు రోజున విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని వచ్చేవాళ్ళు కూడా అవే చూస్తారు. ప్రహరీ లోపల కోసుగా లేచిన పాత సమాధులు, తెల్లటి లైట్ హౌస్, గంట స్తంభం, చర్చి. తర్వాత ఒడ్డున మొక్కజొన్న పొత్తు తిని, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. వాటిని చూడొద్దని నేననను. చిన్నప్పుడు నేనూ ఆ సమాధుల మధ్య ఆడుకున్నవాణ్ణే, రాళ్ళ మీద చెక్కిన అక్షరాల్ని వేళ్ళతో తడిమి చూసినవాణ్ణే. కానీ నాకెప్పుడూ ఒక ప్రశ్న ఉండేది. ఆ రాళ్ళ కింద ఉన్నవాళ్ళు ఓడల్లో వచ్చారు. భీమిలిలో ఓడ ఒడ్డుకు రాదు. లోతు చాలదు, పైగా కెరటం విరిగే చోట ఏ ఓడా నిలవదు. మరి వాళ్ళనీ, వాళ్ళ పెట్టెల్నీ, వాళ్ళు కొన్న సరుకునీ ఓడకూ ఒడ్డుకూ మధ్య ఎవరు చేరవేశారు? మా జాలర్లు. మా ముత్తాతలు, వాళ్ళ ముత్తాతలు. వాళ్ళ పేర్లు ఏ రాయి మీదా లేవు. అందుకే మా ఇంట్లో విన్నదీ, నేను కళ్ళారా చూసిందీ గుర్తున్నంత వరకూ ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా ఊరు విశాఖపట్నానికి ఉత్తరాన పాతిక కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉంటుంది. బొర్రా గుహల దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన నది అది. మా దగ్గరకొచ్చేసరికి వెడల్పై, నిదానించి, ఉప్పునీటితో కలిసిపోతుంది. ఆ కలిసే చోటుని మొగ అంటాం. మొగ ఎప్పుడూ ఒక్కలా ఉండదు. ఎండాకాలం ఇసుక మేట వేసి మోకాలి లోతు నీళ్ళే మిగులుతాయి. వానలకి పైనుంచి వరదొచ్చిందంటే ఆ మేటని కోసుకుని ఎర్రటి నీళ్ళు సముద్రంలోకి దూకుతాయి. వరద తగ్గాక మొగ ఎక్కడ తెరుచుకుందో చూడ్డానికి పెద్దవాళ్ళు పొద్దున్నే నడిచి వెళ్ళేవారు. ఏటిలో వల వేసేవాళ్ళకి ఆ నెలంతా బతుకు దాని మీదే ఆధారపడి ఉండేది మరి.

ఊరిని ఆనుకుని కొండ. మేం నరసింహస్వామి కొండ అంటాం, పుస్తకాల్లో పావురాళ్ళకొండ అని ఉంటుంది. గుడి దాటి ఇంకా పైకి వెళితే బౌద్ధ ఆరామం శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉంటాయి. దాదాపు రెండు వేల ఏళ్ళ నాటివి. వానలు వెళ్ళాక ఆ తొట్లలో నీళ్ళు నిలిచి, ఆకాశం అందులో కనిపించేది. విశాఖ వైపు వెళితే ఇదే తీరం పొడవునా బావికొండ, తొట్లకొండ ఉన్నాయి. తొట్లకొండ మీద ఆరామం ఉన్న సంగతి 1976లో నేవీ వాళ్ళు పైనుంచి సర్వే చేసినప్పుడు బయటపడింది. బిక్షువులు ఊళ్ళకి దూరంగా ఉండేవాళ్ళంటారు గానీ, ఈ మూడు కొండల మీంచీ సముద్రం పూర్తిగా కనిపిస్తుంది. వచ్చే పోయే ఓడలన్నీ వాళ్ళ కళ్ళ ముందే తిరిగి ఉంటాయి. ఆ రోజుల్లో కూడా కింద ఇసుకలో తెప్పలు ఆరబెట్టుకుంటూ మావాళ్ళు ఉండే ఉంటారని నా నమ్మకం.

కొండ మీంచి చూసిన భీమిలి నా దృష్టిలో ఈ తీరం మొత్తానికీ అందమైన చూపు. ఒక పక్క ఏరు వంపు తిరిగి వస్తుంది, మధ్యలో ఊరి పెంకుటిళ్ళు, కొబ్బరి తలలు, ఆ వెనక నీలంగా సముద్రం. కెరటాలు విరిగే చోట తెల్లటి గీత. దక్షిణంగా కొంచెం దూరాన ఎర్రమట్టి దిబ్బలు. వాటిని ఒడ్డు మీంచి చూసినవాళ్ళే ఎక్కువ. సముద్రం మీంచి చూస్తే ఇంకా బాగుంటాయి. పచ్చటి సరుగుడు తోటల వెనక ఎర్రటి గోడలా కనిపిస్తాయి. పెద్ద వాన కురిసిన రోజు ఆ దిబ్బల్లోని వాగులు ఎర్రమట్టిని మోసుకొచ్చి సముద్రంలో కలుపుతాయి. అప్పుడు ఒడ్డు పక్కన నీళ్ళు చాలా దూరం ఎర్రబడతాయి. వేల ఏళ్ళుగా గాలీ నీరూ కలిసి పేర్చిన ఇసుక అది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో ఎర్రమట్టి దిబ్బల పేరు చేరిందని విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. అంతకు ముందు ఎన్నేళ్ళు ఆ మట్టిని లారీల్లో ఎత్తుకుపోవడం చూశామో!

మా తాతకి దిబ్బల అందంతో పనిలేదు. ఆయనకవి గుర్తులు. సముద్రం మీద దారి ఉండదు కదా, ఒడ్డు మీద ఉన్న రెండు వస్తువుల్ని ఒకే వరసలోకి తెచ్చుకుని, ఇంకో పక్క మరో రెండింటిని వరసలోకి తెచ్చుకుంటే ఆ రెండు గీతలూ కలిసే చోటే మనం ఉన్నట్టు. కొండ మీద గుడి సరిగ్గా లైట్ హౌస్ తల మీదికి రావాలి, అటు దిబ్బల చివర ఫలానా తాడిచెట్టు వెనక కొండ కొమ్ము దాక్కోవాలి. అక్కడ నీళ్ళ అడుగున రాళ్ళున్నాయి, రాళ్ళ దగ్గర గులివిందలు, పారలు ఉంటాయి. ఇలాంటి చోట్లు ఆయనకి ఎన్నో తెలుసు. కాగితం ముక్క మీద ఒక్కటీ రాసుకోలేదు, రాయడం రాదు కూడా. ఒక తాడిచెట్టు గాలివానకి పడిపోతే ఇంట్లో మనిషి పోయినంత బాధపడ్డాడు. ఆ చెట్టు పోవడంతో చేపల చోటు ఒకటి పోయింది. మళ్ళీ దానికి కొత్త గుర్తు వెతుక్కోవడానికి చాలా రోజులు పట్టింది.

తాత తెప్ప మనిషి. తెప్పంటే మూడో నాలుగో తేలికైన దుంగలు, ముందు వైపు కొంచెం పైకి తిరిగి ఉంటాయి, వాటిని కొబ్బరితాళ్ళతో బిగించి కట్టడమే. మేకు ఉండదు. అంచులు ఉండవు కాబట్టి నీళ్ళు లోపలికి వచ్చేదీ ఉండదు, మునిగేదీ ఉండదు. కెరటం మీద నుంచి వెళ్ళిపోతే మనిషి తడిసి మళ్ళీ లేస్తాడు, అంతే. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగల్ని ఇసుకలో ఆరబెట్టేవాళ్ళు, లేకపోతే నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి. మధ్యాహ్నం ఆ దుంగల మీద పడుకుని నిద్రపోయిన రోజులు నాకున్నాయి. ఎండకి కాగిన చెక్క వాసన, చేప వాసన, ఉప్పు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నడుస్తున్నవాణ్ణి ఆగిపోతాను.

చీకటితో లేచి వెళ్ళేవాళ్ళు. తాత ఒడ్డున నిలబడి ముందు కాసేపు ఏమీ చేసేవాడు కాదు, కెరటాల్ని చూసేవాడు. పెద్ద కెరటాలు కొన్ని వరసగా వస్తాయి, తర్వాత కాస్త తెరిపి ఇస్తాయి. ఆ తెరిపిలో తెప్పని తోసి ఎక్కేయాలి. నేను పక్కన నిలబడి, "ఇప్పుడా తాతా?" అని అడిగేవాణ్ణి. "ఆగరా గుంటా, సంద్రం ఊపిరి తీసుకోనీ" అనేవాడు. ఇంకో మాట కూడా ఆయనదే, "సంద్రానికి వీపు సూపకు." ఒడ్డున నీళ్ళలో నిలబడ్డ పిల్లలెవరు కనిపించినా ఆ మాట అని గాని కదిలేవాడు కాదు. సెలవులకి వచ్చి స్నానాలు చేస్తున్నవాళ్ళని చూస్తే నాకు ఇప్పుడూ అదే అరవాలనిపిస్తుంది. నిజంగా అరిచాను కూడా, కొన్నిసార్లు.

తాత కన్నా ముందు తరం వాళ్ళది వేరే పని. మా ముత్తాత చేపల వేట కన్నా ఎక్కువగా రేవు పని చేశాడట. ఓడలు మైలు దూరానో ఇంకా అవతలో లంగరు వేసి ఉండేవి. అక్కడికి సరుకు తీసుకెళ్ళేవి కుట్టు నావలు. ఇవి చూసినవాళ్ళు మా తరంలోనే తక్కువ. పలకలకి అంచుల్లో కన్నాలు పెట్టి, అతుకు మీద కొబ్బరిపీచు దట్టించి, పీచుతాడుతో కుట్టేసేవాళ్ళు. ఇనుము ముక్క అన్నది కనిపించదు. మేకులు కొట్టిన పడవ మన కెరటాల్లో నేలకి తగిలితే పలక పగులుతుంది. కుట్టిన నావ సాగుతుంది, వంగుతుంది, దెబ్బని సర్దుకుని మళ్ళీ నిలబడుతుంది. మా చిన్నప్పటికి పెద్ద వల వేసే నావ ఒకటి అలాంటిది మిగిలి ఉండేది. ఏడాదికోసారి కుట్లు విప్పి మళ్ళీ కుట్టేవారు. ఇద్దరు ముసలాళ్ళు, ఒకరు లోపల ఒకరు బయట కూర్చునేవారు. కన్నంలోంచి తాడు అటు వెళుతుంది, ఇటు వస్తుంది. లాగే ముందు కర్రతో తాడు మీద కొట్టి బిగువు చూస్తారు. మాటల్లేవు. కర్ర చప్పుడుని బట్టి అవతలివాడికి ఎప్పుడు లాగాలో తెలిసిపోయేది. పిల్లలం చుట్టూ మూగితే తోలేసేవారు కాదు గానీ, తాడు తొక్కితే మాత్రం ఊరుకునేవారు కాదు.

ఆ నావల్లోనే అంతా వెళ్ళింది, అంతా వచ్చింది. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దంలో ఇక్కడ దిగినప్పుడు వాళ్ళకి కావలసింది మా చుట్టుపక్కల నేసే నూలు బట్టలు, మా పొలాల్లో పండే బియ్యం. ఆ బియ్యం సింహళానికి వెళ్ళేది. కోట కట్టుకున్నారు, ఇళ్ళు కట్టుకున్నారు, చచ్చిపోయినవాళ్ళని ఇక్కడే పూడ్చుకున్నారు. మధ్యలో ఇంగ్లీషువాళ్ళతో యుద్ధాలొచ్చినప్పుడల్లా ఊరు చేతులు మారింది. చివరికి 1824లో లండన్‌లో జరిగిన ఒప్పందం ప్రకారం 1825లో భీమిలిని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేసి వెళ్ళిపోయారు. జెండా మారింది గానీ నావలు, తెడ్లు పట్టుకున్న చేతులు మారలేదు.

ఇంగ్లీషువాళ్ళ కాలంలోనే ఊరు బాగా వెలిగింది. 1861లోనే భీమిలికి మునిసిపాలిటీ వచ్చింది. దేశంలో చాలా పెద్ద ఊళ్ళకి కూడా అప్పటికి లేదు. విజయనగరం, జయపురం వైపు నుంచి బళ్ళ మీద నువ్వులు, కరక్కాయలు, తోళ్ళు, గోగునార వచ్చేవి. గోగునారకి ఇక్కడి రేవు పేరే పడిపోయింది, విదేశాల్లో దాన్ని బిమ్లీ జూట్ అనే కొనేవారు. పక్కనే చిట్టివలసలో జూట్ మిల్లు వచ్చింది. ఈ గోగునార బేళ్ళు మోసిన సంగతులు మా నాయనమ్మ చెబుతుండేది, వాళ్ళ మామ దగ్గర విన్నవి. నావ మీద బేళ్ళు పేర్చడంలో కూడా లెక్క ఉందట. ఒక పక్క బరువెక్కువైతే కెరటం మీదికి ఎక్కేటప్పుడు నావ తిరగబడుతుంది. సరుకు తడిస్తే కూలీ కోస్తారు. మనిషి నీళ్ళలో పోతే మాత్రం ఏ లెక్కా ఉండదు. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారేది.

అదే ఒడ్డు నుంచి మనుషులూ వెళ్ళారు. రంగం అంటే బర్మాలోని నేటి యాంగూన్. ఉత్తరాంధ్రలో రంగం వెళ్ళినవాళ్ళు లేని పల్లె ఉండదు. మిల్లుల్లో పనికి, రేవు పనికి, కోతలకి భీమిలి, కళింగపట్నం, విశాఖ, కాకినాడ నుంచి స్టీమర్ ఎక్కేవారు. సముద్రం ఎన్నడూ చూడని మెట్ట రైతులు, ఆడవాళ్ళు, చంటిపిల్లలు ఆ కుట్టు నావల్లో కూర్చుని కెరటం దాటేటప్పుడు ఏడ్చేవారట. తెడ్డు వేసేవాళ్ళే వాళ్ళకి ధైర్యం చెప్పాలి. "కళ్ళు మూసుకో తల్లీ, మూడు కెరటాలు దాటితే ఇంక ఉయ్యాలే" అని మా ముత్తాత చెప్పేవాడని నాయనమ్మ అనేది. యుద్ధం రోజుల్లో, 1942లో, జపాన్ బాంబులకి భయపడి బర్మా నుంచి ఎంతోమంది అడవుల వెంట నడిచి వచ్చారు. నావ ఎక్కి వెళ్ళినవాళ్ళలో ఎందరు తిరిగొచ్చారో ఎవరూ రాసి పెట్టలేదు.

రేవు ఎందుకు పడిపోయిందంటే చాలా కారణాలు చెబుతారు. మావాళ్ళు రెండే చెప్పేవారు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే రైలు దారి మా ఊరికి రాకుండా లోపలగా విజయనగరం మీదుగా పోయింది. తర్వాత 1933లో విశాఖలో హార్బర్ తెరిచారు. ఓడ నేరుగా గట్టుకి ఆనుకునే చోటు ఉండగా, కెరటం మీద బేళ్ళు మోయించుకునే వర్తకుడు ఎవడుంటాడు? రాను రాను ఓడలు తగ్గిపోయాయి. గోదాములు పాడుబడ్డాయి. రేవు పని పోయిన కుటుంబాలు పూర్తిగా వేట మీదికి వచ్చాయి. మా తాత పుట్టేసరికి అదీ పరిస్థితి.

పెద్ద వల రోజులు మాత్రం నేను బాగా చూశాను. ఆ రోజు పేట మొత్తం ఒడ్డునే ఉంటుంది. వల తాడు ఒక కొస ఒడ్డున కొందరి చేతిలో ఉంచి, నావ వలని వదులుకుంటూ సముద్రంలోకి పోయి, అర్ధచంద్రాకారంగా తిరిగి, రెండో కొసని దూరంగా ఇంకో చోట ఒడ్డుకి చేరుస్తుంది. అక్కణ్ణుంచి రెండు గుంపులు లాగడమే. నడుముకి గుడ్డ చుట్టుకుని, దాన్ని తాడుకి తగిలించి, వెనక్కి వాలి అడుగులో అడుగు వేస్తూ లాగుతారు. చివర ఉన్నవాడు తాడు విడిచి మళ్ళీ పరిగెత్తి ముందుకొస్తాడు. హైలెస్సా పాట ఒకడు అందుకుంటే మిగతావాళ్ళు పలుకుతారు. లాగే కొద్దీ రెండు గుంపులూ దగ్గరవుతాయి. వల సంచి కెరటంలోకి వచ్చేసరికి అందులో ఏముందో పైన తిరిగే పక్షులే ముందు చెప్పేసేవి. కవ్వళ్ళు పడితే సంచి మొత్తం వెండి పోసినట్టు మెరుస్తుంది. నెత్తళ్ళు, సావిడాయలు, కనాగర్తలు, అప్పుడప్పుడూ ఒక కోనెం, ఒక చందువా. ఒక్కోసారి జెల్లీ చేపలు తప్ప ఏమీ ఉండవు. అయినా ఎవరూ తిట్టేవారు కాదు. వలని కడిగి ఆరేసి, "గంగమ్మ తల్లి రేపు పెడతాది" అనుకుని ఇళ్ళకి పోయేవారు.

పాలు పంచడం చూసి తీరాలి. వలకో వాటా, నావకో వాటా, లాగిన ప్రతి మనిషికీ వాటా. ఒంట్లో బాగోక రానివాడి ఇంటికీ కొంత వెళ్ళేది. భర్త పోయిన ఆడవాళ్ళకి ముందు తీసి పక్కన పెట్టేవారు. తాడు చివర పట్టుకుని లాగినట్టు నటించిన మా పిల్లలందరికీ గుప్పెడేసి చేపలు దొరికేవి. అవి తీసుకుని ఇంటికి పరిగెత్తి, "నా కూలి!" అని గర్వంగా నాయనమ్మ చేతిలో పెట్టేవాణ్ణి. వాటిని విడిగా వేయించి నాకే పెట్టేది.

చేప ఒడ్డుకి చేరాక అది ఆడవాళ్ళ రాజ్యం. వేలం పాటలో మగవాళ్ళ నోరు లేవదు. నాయనమ్మ గంప నెత్తిన పెట్టుకుని తగరపువలస సంతకి నడిచే వెళ్ళేది. చేప మిగిలితే దారిలో పల్లెల్లో ధాన్యానికో, చింతపండుకో మార్చుకుని వచ్చేది. ఏ పల్లెలో ఎవరింట్లో పెళ్ళి, ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరు ఎండు నెత్తళ్ళు అడిగారు, అన్నీ ఆవిడ నోటి మీదే. వేట లేని రోజులకి ఎండబెట్టిన చేపే దిక్కు. ఒడ్డంతా ఇసుక మీద నెత్తళ్ళు పరిచి, కాకులు రాకుండా మమ్మల్ని కాపలా పెట్టేవారు. వాన మబ్బు కనిపిస్తే పేటలో ఆడవాళ్ళందరూ ఒకేసారి అరుపు. ఎవరి చేపలు ఎవరివో చూడకుండా అందరివీ ఎత్తి లోపల పెట్టేవారు, తర్వాత తీరిగ్గా వాదించుకునేవారు. మా ఇల్లు లెక్కలు, అప్పులు, నా చదువు ఫీజు అన్నీ చూసింది ఆవిడే. తాత సముద్రాన్ని చదివాడు గానీ ఇంటిని నడిపింది నాయనమ్మ.

ఇళ్ళు అప్పుడు చాలావరకు తాటాకు చుట్టిళ్ళు. గుండ్రంగా, చూరు నేలకి దగ్గరగా ఉండేవి. గాలి పట్టుకోవడానికి మూల ఉండదు కాబట్టి తుపానుకి చాలా వరకు తట్టుకునేవి. లోపలికి వంగి వెళ్ళాలి. ఇంట్లో సాయంత్రమైతే వల బాగుచేయడం. పైన దూలానికి వల వేలాడదీసి, చెక్క సూదితో చిరిగిన కళ్ళు అల్లేవారు. నూలు వలల రోజుల్లో వాటిని చెట్ల బెరడు ఉడికించిన కషాయంలో ముంచేవారని, ఊరంతా ఆ వాసనేనని తాత చెప్పేవాడు. నేను పుట్టేసరికే నైలాన్ వచ్చేసింది.

తర్వాత మార్పు చాలా తొందరగా వచ్చింది. ఫైబర్ పడవలు, వాటికి ఇంజన్లు. మా చిన్నాన్న మొదటి ఇంజన్ కొన్న రోజున పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి పండగ చేశాం. దాని వల్ల మేలు జరగలేదని చెప్పలేను. తెప్ప మీద రాత్రంతా తడిసి వణికే బాధ తప్పింది, దూరం వెళ్ళగలిగారు, గాలి ఎదురైనా ఇల్లు చేరగలిగారు. కానీ డీజిల్ ఖర్చు, ఇంజన్ అప్పు మొదలయ్యాయి. విశాఖ హార్బర్ నుంచి పెద్ద మర పడవలు వచ్చి ఒడ్డుకి దగ్గరగా అడుగునంతా ఊడ్చుకుపోయేసరికి చిన్న పడవవాళ్ళకి మిగిలేది తగ్గింది. ఆ తర్వాత చేపల గుంపునంతా ఒకేసారి చుట్టి పట్టేసే రింగు వలల గొడవలు. ఒకే కులం, బంధువులు, ఎదురెదురు ఊళ్ళలో ఒకరి మీద ఒకరు కత్తులు దూసుకునే దాకా వెళ్ళడం చూస్తే గుండె తరుక్కుపోతుంది. పెద్ద వలలో అందరికీ వాటా ఉండేది. రింగు వలకి పెట్టుబడి పెట్టగలిగినవాడికే సముద్రం అన్నట్టయింది.

ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రాల పడవలకి వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం, మంచి పనే. ఆ రెండు నెలలకి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలు చేశారు. ఇల్లు గడవడానికి అది చాలదని ఇచ్చేవాళ్ళకీ తెలుసు. అందుకే కుర్రాళ్ళు గుజరాత్‌లోని వీరావల్‌కో, మంగుళూరుకో, పారాదీప్‌కో పోయి పెద్ద పడవల మీద కూలీలుగా చేరుతున్నారు. రంగానికి మనుషుల్ని దాటించినవాళ్ళ పిల్లలు తామే రైలెక్కి వలస పోతున్నారు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. గాలి ఆగి, ఒక్కసారిగా నిశ్శబ్దమై, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి కొట్టిందని ఇంటివాళ్ళు చెప్పారు. ఫోన్లు పలకలేదు, రోడ్ల మీద చెట్లు. నేను చేరుకునేసరికి సరుగుడు తోటలు పీక్కుపోయి, కొండ పచ్చదనం పోయి, అగ్గి పెట్టినట్టు గోధుమ రంగుకి తిరిగింది. పడవలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఇళ్ళ గోడలకి ఆనుకుని ఉన్నాయి, వలలు చెట్ల కొమ్మల్లో. చిన్నాన్న నన్ను చూసి ముందు అన్న మాట, "గుర్తులన్నీ పోనాయిరా." ఆస్తి పోయిందని కాదు. కొండ మీద తనకి తెలిసిన చెట్లు లేవు, దిబ్బల చివర తాడిచెట్లు లేవు. తాత నేర్పినదంతా ఆ చెట్ల మీదే ఉంది.

చిన్నాన్న ఇప్పుడు ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటాడు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు చేపలు ఎక్కడ ఉండొచ్చో, కెరటాలు ఎంత ఎత్తు ఉంటాయో చెప్పే సమాచారం కూడా వస్తుంది. దాన్ని నమ్ముతాడు, వాడుతాడు. కానీ పడవ తోసే ముందు తాత లాగే నిలబడి కాసేపు కెరటాల్ని చూస్తాడు. ఈ మధ్య ఊరెళ్ళినప్పుడు ఆయన పక్కన కూర్చుని, తాత గుర్తులన్నీ నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఏ గుడి ఏ కొమ్ము మీదికి రావాలి, అక్కడ ఎంత లోతు, ఏ నెలలో ఏ చేప. కొన్ని ఆయనకీ గుర్తులేవు. పేటలో ఇంకో ఇద్దరు ముసలాళ్ళని అడిగితే, వాళ్ళు మొదట నవ్వి, తర్వాత ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటూ చీకటి పడేదాకా చెప్పారు. నావ కుట్టడం తెలిసినవాళ్ళు మాత్రం మా పేటలో ఎవరూ మిగల్లేదు. కళింగపట్నం, బారువ, పూడిమడక, ఉప్పాడ వైపు ఎవరి ఇంట్లోనైనా ఆ పని చేసిన పెద్దలు ఉంటే, వాళ్ళ దగ్గర కూర్చుని, కన్నం ఎంత దూరంలో పెడతారో, ముడి ఎలా వేస్తారో అడిగి రాసుకోండి. వీలైతే వాళ్ళ చేతులు కనిపించేలా వీడియో తీయండి.